అక్కడ వారం కూలి, ఇక్కడ 84 రోజుల కూలి: వీఆర్ హెడ్‌సెట్ కంపెనీలకు ఒక టీచరు బహిరంగ లేఖ

వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్లు తయారుచేసి అమ్ముతున్న కంపెనీల అధిపతులకు, ఆ కంపెనీల భారత విభాగాల బాధ్యులకు,

నమస్కారం. నేను తెనాలి దగ్గర ఒక ఎయిడెడ్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. కళ్లకు తగిలించుకుంటే బొమ్మ లోపల మనమే తిరుగుతున్నట్టు చూపించే మీ వస్తువు మా పిల్లలకు ఎంత మేలు చేసిందో కళ్లారా చూశాను. అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇక అసలు సంగతికి వస్తాను.

మా బడి పూర్వ విద్యార్థులు వాట్సాప్ గ్రూపులో తలా కొంత వేసుకుని 70 వేల రూపాయలు పోగుచేశారు. డల్లాస్‌లో ఉంటున్న ఒకబ్బాయి సంక్రాంతికి ఊరొస్తూ రెండు హెడ్‌సెట్లు సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. నాలుగు నెలలు బంగారంలా పనిచేశాయి. తర్వాత ఒకటి ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. బోసు రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్తే విప్పి చూసి, "పోర్టు పోయిందండీ. ఫోనుదైతే అరగంటలో వేసిచ్చేవాణ్ణి. దీనికి స్పేరు దొరకదు" అన్నాడు. కంపెనీకి రాస్తే, కొన్న దేశం నుంచే పంపాలన్నారు. ఇక్కణ్ణుంచి డల్లాస్‌కి, అక్కణ్ణుంచి సర్వీసుకి, మళ్లీ వెనక్కి తెప్పించుకునే ఖర్చు లెక్కేస్తే పాత హెడ్‌సెట్ ఇంకోటి వచ్చేలా ఉంది. ఆ తర్వాత మూడు మెయిళ్లు రాశాను. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది, మీ అభిప్రాయానికి ధన్యవాదాలని. నేను రాసింది అభిప్రాయం కాదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. మాకు అమ్మిన కంపెనీ పేరు ఇందులో పెట్టడం లేదు. ఈ బాధ ఒక్క కంపెనీతో వచ్చింది కాదు కాబట్టి అందరూ చదవాలని నా కోరిక.

ముందు ఆ నాలుగు నెలల్లో ఏం జరిగిందో చెప్పాలి. పదో తరగతిలో గుండె పాఠం ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద బొమ్మ గీసి, కవాటం ఎలా పనిచేస్తుందో రెండు అరచేతులు తలుపుల్లా మూసి తెరిచి చూపిస్తూ వచ్చాను. హెడ్‌సెట్లు వచ్చాక బెంచీలు గోడకు జరిపి, నేల మీద సుద్దతో రెండు సున్నాలు చుట్టి, "ఈ గీత దాటొద్దు" అని చెప్పి ఒక్కొక్కర్నీ నిలబెట్టాం. మా ఆడపిల్లలు రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుంటారు. మీ పట్టీ వాటి మీద నిలవదు, జారిపోతుంది. కొబ్బరినూనె ముఖానికి ఆనే ఫోముకి అంటుకుంటుందని పాత కాటన్ చున్నీ ముక్కలు చేసి నుదుటి దగ్గర మడిచి పెట్టాను. అలా అవస్థపడి పెట్టుకున్న ఒక పిల్ల, వాళ్ల నాన్న నిమ్మకాయల యార్డులో హమాలీ, గుండె లోపలికి వెళ్లి అగ్రద్వయ కవాటం కింద నిలబడి పైకి చూసింది. "టీచర్, మీరు చెప్పినట్టు తలుపులా లేదు! గొడుగులా ఉంది. కింద తాళ్లేసి కట్టారు" అని అరిచింది. అవి స్నాయురజ్జువులు. కవాటం వెనక్కి తిరగబడకుండా పట్టి ఉంచేవి. పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది, ఏ పిల్లాడికీ గుర్తుండదు. ఆ పిల్ల పరీక్షలో బొమ్మ వేసి, తాళ్లు కూడా వేసింది.

హెడ్‌సెట్ పెట్టుకున్న మర్నాడు సాయంత్రం వాళ్ల నాన్న బడి గేటు దగ్గర ఆగి, "టీచర్ గారూ, అదేదో కళ్లకి పెట్టుకునేదంట, ఒకటే చెబుతోంది. ఎంతవుద్దండీ?" అని అడిగాడు. చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. తలూపి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

వీఆర్ జనంలోకి వెళ్లకపోవడానికి కారణం ధర కాదనీ, బరువూ తలతిరుగుడూ చూడ్డానికి సరుకు లేకపోవడమూ అనీ మీ రంగంలో చాలామంది అంటారు. ఆ మూడూ నిజమే. మా క్లాసులోనూ ముగ్గురు పిల్లలు తల తిరుగుతోందని తీసేశారు. కానీ గేటు దగ్గర ఆ తండ్రి అడిగిన ప్రశ్న వాటన్నిటికన్నా ముందుది. అది దాటితేనే మిగతావాటి దాకా వస్తాం. నేను గమనించినవి ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

1. అందరికీ ఒకే ధర అంటే అందరికీ ఒకే భారం కాదు. 2024 అక్టోబర్‌లో ఫేస్‌బుక్ వాళ్ల మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 3ఎస్ 299 డాలర్లకు వచ్చింది. సామాన్యుడి కోసమే ఆ ధర పెట్టామన్నట్టు ప్రచారం జరిగింది, నిజంగానే అక్కడ అది సామాన్యుడి ధర. అమెరికాలో కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. అంటే అట్టడుగు జీతగాడు కూడా వారం, ఇంకో గంటో రెండు గంటలో పనిచేస్తే ఆ సొమ్ము వస్తుంది. అదే 299 డాలర్లు అప్పటి మారకం ప్రకారం మాకు 25 వేల రూపాయల పైమాట. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. 84 రోజుల కూలి. అప్పట్లో ప్రభుత్వం ఒక కుటుంబానికి హామీ ఇచ్చిందే ఏడాదికి 100 రోజులు. ఇదంతా మీ దేశం ధరకే దొరికితే మాట. అధికారికంగా అమ్మకం లేని చోట మధ్యవర్తి లాభం, దిగుమతి సుంకం, సూట్‌కేసులో తెచ్చిపెట్టినవాళ్ల మొహమాటం అన్నీ దాని మీద పడతాయి. ఆపిల్ కంపెనీ హెడ్‌సెట్ విజన్ ప్రో 2024 ఫిబ్రవరిలో 3,499 డాలర్లకు వచ్చింది, రూపాయల్లో దాదాపు 2 లక్షల 90 వేలు. మా బడిలో నెలకు 12 వేలకు చెప్పే ప్రైవేటు టీచరమ్మ రెండేళ్ల జీతం.

2. హెడ్‌సెట్ ఇంటి వస్తువు కాదు, ఒక మనిషి వస్తువు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒక్క ఇంట్లో టీవీ ఉండేది. ఆదివారం పొద్దున వాకిట్లో చాప వేసుకుని వీధంతా చూసేది. ఖరీదైన వస్తువే, కానీ ఆ ఖరీదు యాభై మందికి పంచబడేది. సెల్‌ఫోను ఒకరిదే అయినా పొద్దున్నుంచి రాత్రి దాకా పనికొస్తుంది, దాంతో డబ్బు సంపాదించేవాళ్లూ ఉన్నారు. మీ హెడ్‌సెట్ ఒక్కసారి ఒక్కరికే. అర కిలో బరువు, ఒకసారి ఛార్జింగ్ పెడితే నడిచేది రెండు గంటలు. మా సెక్షన్లో 42 మంది. మనిషికి నాలుగు నిమిషాలు ఇస్తే 168 నిమిషాలు. రెండు హెడ్‌సెట్లు ఉన్నప్పుడు రెండు పీరియడ్లలో అయిపోయేది. ఒకటి పాడయ్యాక నాలుగు పీరియడ్లు పడుతోంది. సిలబస్ నా కోసం ఆగదు. బి సెక్షన్ పిల్లలకు చూపించలేకపోయాను. వాళ్లు ఇప్పటికీ కారిడార్లో కనబడితే "మాకెప్పుడు టీచర్?" అంటారు.

3. డబ్బా మీద ధర ఒకటి, చేతికందేసరికి ఇంకొకటి. 2016లో ఆక్యులస్ రిఫ్ట్ అనే హెడ్‌సెట్ 599 డాలర్లు, హెచ్‌టీసీ వైవ్ అనేది 799 డాలర్లు. వాటిని నడపాలంటే పక్కన మంచి గేమింగ్ కంప్యూటర్ ఉండాలి. సోనీ 2023 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎస్ వీఆర్2 హెడ్‌సెట్ ధర దాదాపు 550 డాలర్లు, దాన్ని తగిలించాల్సిన ప్లేస్టేషన్ 5 అనే ఆటల యంత్రం అప్పటి ధర కన్నా ఎక్కువ. మొదటి పీఎస్ వీఆర్ కోసం కొన్న ఆటలు అందులో నేరుగా ఆడవు. మంచి పట్టీకి వేరే డబ్బు, కళ్లజోడు ఉన్నవాళ్లకు లెన్సులకు వేరే డబ్బు.

4. ధర తగ్గించినప్పుడు జనం వచ్చారు. ఇది మీ లెక్కల్లోనే ఉంది. 2020 అక్టోబర్‌లో మెటా క్వెస్ట్ 2 వచ్చింది 299 డాలర్లకు. అంతకు ముందు ఏడాది వచ్చిన మొదటి క్వెస్ట్ కన్నా వంద డాలర్లు తక్కువ, పైగా మెరుగైంది. పది నెలలు తిరక్కుండా, 2021 జూలైలో, ఫోము వల్ల చర్మం మీద దురద, దద్దుర్లు వస్తున్నాయని, అమ్మిన సరుకులో లోపం సరిచేస్తామంటూ రీకాల్ ప్రకటించాల్సి వచ్చింది. ఆ రీకాల్ ఒక్క అమెరికాలోనే దాదాపు 40 లక్షల ఫోములకు వర్తించింది. తీసుకున్నవాళ్లు దాదాపు అంతమంది! అదే ఏడాది అక్టోబర్‌లో మెటా అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ తన బహిరంగ లేఖలో, పరికరాలను సబ్సిడీతోనో తయారీ ఖర్చుకో అమ్ముతూ ఉంటామని రాశారు. ఆ మాట చదివి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. పది నెలలు తిరక్కుండానే, 2022 ఆగస్టులో, అదే క్వెస్ట్ 2 ధర 399కి పెంచారు. పాతబడిన ఎలక్ట్రానిక్ వస్తువు ధర పెరగడం నేను చూడటం అదే మొదలు. మళ్లీ 2023 జూన్‌లో 299కి దించారు. పీఎస్ వీఆర్2 ధర కూడా 2025 మార్చిలో 400 డాలర్లకు దిగింది. మొదట్లోనే దించి ఉంటే అనిపిస్తుంది. ఇలా ఎక్కించి దించుతుంటే చీటీ పాడుకుని కొందామనుకునేవాళ్లకు ఏ నెల పాడుకోవాలో తెలియదు.

మీకు ఇందులో నష్టాలున్నాయని తెలుసు. వీఆర్ పరికరాలు చేసే మెటా రియాలిటీ ల్యాబ్స్ విభాగానికి 2024లో 17.7 బిలియన్ డాలర్ల నష్టం వచ్చింది. నేను ధర్మం చేయమని అడగడం లేదు. అంత సొమ్ము పోతున్న చోట, నూరు కోట్లకు పైగా జనం ఉన్న దేశంలో ఒక సర్వీసు బల్ల పెట్టడానికి అయ్యే ఖర్చు ఎంత అనే అడుగుతున్నాను.

5. చవక ఒక్కటే చాలదని కూడా ఒప్పుకుంటాను. గూగుల్ 2014లో ఫోను దూర్చి చూసే కార్డ్‌బోర్డ్ అనేది అట్టముక్కతో చేసి తెచ్చింది. 2017కల్లా కోటి పంపించామని చెప్పుకున్నారు. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది, రెండో వారానికి అటక ఎక్కింది. 2023లో ఐపీఎల్ చూడ్డానికి జియో 1,299 రూపాయలకు జియోడైవ్ తెచ్చింది. అదీ ఫోను దూర్చేదే. ఫోనుతో చూసేవి తల తిప్పితే తిరుగుతాయి గానీ, అడుగు ముందుకేస్తే కదలవు. మా పిల్ల కవాటం కిందికి నడిచివెళ్లి పైకి చూసిందని చెప్పాను కదా, అది వాటిల్లో కుదరదు. అంచేత మాకు అట్టముక్క ఇచ్చి ఇదే మీ వీఆర్ అనకండి. పేదవాడికి నాసిరకం, ఉన్నవాడికి అసలుది అనే పద్ధతి వల్ల వీఆర్ అంటేనే తలనొప్పి అనుకున్నవాళ్లు మా స్టాఫ్‌రూములోనే ఉన్నారు. అసలుది అందుబాటుకి రావాలి.

6. కొనేవాళ్లు లేకపోతే తెలుగులో పాఠం ఉండదు. నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి మాదాపూర్లో చిన్న కంపెనీలో వీఆర్ ప్రోగ్రాములు రాస్తాడు. మేం చూపించే గుండె ఇంగ్లిష్‌లోనే మాట్లాడుతుంది, నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పాలి. తెలుగులో చేసిపెట్టరాదా అని అడిగాను. "చెయ్యొచ్చు టీచర్. కానీ మన రెండు రాష్ట్రాల్లో హెడ్‌సెట్లు ఉన్నవాళ్లెంతమంది? అందులో తెలుగులో కావాలనేవాళ్లెంతమంది? వచ్చినదాంట్లో ప్రోగ్రాములు అమ్మిపెట్టే హెడ్‌సెట్ కంపెనీ స్టోరుకి 30 శాతం పోతుంది" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. 2022లో కేంద్ర ఐటీ శాఖ స్టార్టప్ హబ్, మెటా కలిసి ఇక్కడి ఎక్స్‌ఆర్ (వీఆర్, దానిలాంటి సాంకేతికతలు) స్టార్టప్‌లకు సాయం మొదలుపెట్టాయి. అందులో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. సంతోషమే. కానీ వంటవాళ్లకు శిక్షణ ఇచ్చి, విస్తళ్లు మాత్రం వేయకపోతే ఎవరు తింటారు? సరుకు లేదు కాబట్టి జనం కొనడం లేదంటారు మీరు. జనం దగ్గర హెడ్‌సెట్ లేదు కాబట్టి సరుకు చేయలేకపోతున్నామంటాడు మా అబ్బాయి. ఈ ముడి విప్పే కొస మీ చేతుల్లో ఉంది, వాడి చేతుల్లో లేదు.

7. కొన్నది ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఇది ధరలో కలిపి చూడాల్సిన సంగతి, ఎవరూ చూడరు. మొదటి క్వెస్ట్ 2019 మేలో వచ్చింది. 2024 ఆగస్టుతో భద్రతా అప్‌డేట్లు కూడా ఆగిపోయాయి. 2020లో కొన్నవాళ్లకు మిగిలింది నాలుగేళ్లు. మైక్రోసాఫ్ట్ అయితే 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త వెర్షన్ నుంచి, హెడ్‌సెట్లను నడిపే మిక్స్‌డ్ రియాలిటీ సాఫ్ట్‌వేర్‌నే తీసేసింది. దాని మీద ఆధారపడ్డ హెచ్‌పీ రెవర్బ్ జీ2 హెడ్‌సెట్, 2020లో 599 డాలర్లకు అమ్మిన సరుకు, ఆ వెర్షన్‌కి మారినవాళ్లకు పనికిరాకుండా పోయింది. వస్తువులో లోపం లేదు, వెనకాల మీట నొక్కి ఆపేశారు. మా ల్యాబులో మైక్రోస్కోపు 1987లో ఒక దాత ఇచ్చింది. అద్దం తుడిస్తే ఇవాళ్టికీ ఉల్లిపొర కణాలు స్పష్టంగా కనిపిస్తాయి. చందాలేసుకుని కొనే బడి, నాలుగేళ్ల వస్తువుకు రెండోసారి చందా అడగలేదు.

ఈ కారణాల వల్ల మీ ముందు పెడుతున్న కోరికలు ఇవి. ఒకటి రెండు ఇప్పటికే చేస్తున్నామని మీలో ఎవరైనా అంటే, తెనాలి లాంటి ఊళ్లో అవి దొరికే చోటు చెప్పండి చాలు.

1. ఎక్కడ కొన్నా ఇక్కడ బాగుచేయాలి. ముందు విజయవాడ, హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతిలో అయినా సర్వీసు ఉండాలి. ఛార్జింగ్ పోర్టు, పట్టీ, ఫోము, కంట్రోలర్ లాంటివి విడిభాగాలుగా మామూలు మరమ్మతు షాపులకు అమ్మండి. బోసు రోడ్డు కుర్రాడికి చెయ్యి తిరిగిన పనే. మీరు వస్తువిస్తే మిగతాది వాడు చూసుకుంటాడు. అన్నిట్లోకీ నేను గట్టిగా అడిగేది ఇదే.

2. డాలరు ధరను రూపాయల్లోకి మార్చి ఊరుకోకుండా ఈ దేశపు ఆదాయాన్ని చూసి ధర పెట్టండి. ఒకేసారి కట్టలేనివాళ్లకు వడ్డీ లేని వాయిదాలు ఇవ్వండి. 2017లో జియోఫోన్‌ను 1,500 రూపాయల డిపాజిట్ మీద, మూడేళ్లకు తిరిగిస్తామని చెప్పి ఇచ్చారు. ఆ ఫోను మా ఊళ్లో కూరగాయలమ్మే ఆమె దాకా వెళ్లింది. అలాంటి పద్ధతి బడులకైనా పెట్టండి.

3. బడులకు, ఐటీఐలకు, జిల్లా ఆస్పత్రులకు విడిగా ధర ప్రకటించి దాన్ని అందరికీ తెలిసేలా పెట్టండి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. పెద్దమొత్తంలో కొనే అలవాటు మా ప్రభుత్వాలకు ఉంది. పిల్లాడికొకటి అక్కర్లేదు, మండలానికి పది హెడ్‌సెట్ల పెట్టె ఒకటి ఉంటే బడి నుంచి బడికి తిప్పుకుంటాం. రెండు రాష్ట్రాల విద్యాశాఖ అధికారులు కూడా ఈ మాట వినాలని కోరుతున్నాను.

4. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో డబ్బా మీద తయారీ తేదీ పక్కన అచ్చువేయండి. గడువు అయ్యాక మాకు కావలసిన సాఫ్ట్‌వేర్ మేమే వేసుకునేలా తాళం తీసి ఇచ్చేయండి. 2021 అక్టోబర్‌లో తన పాత హెడ్‌సెట్ ఆక్యులస్ గోకు మెటా అలా తాళం తీసిన సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. కాబట్టి ఇది చేయలేని పని కాదని తెలుసు.

5. తెలుగు, తమిళం, కన్నడం లాంటి మా భాషల్లో పాఠాలు చేసే చిన్నవాళ్ల దగ్గర మొదటి కొన్నేళ్లు స్టోరు వాటా తీసుకోకండి.

6. పట్టీ చేసేటప్పుడు రెండు జడల పిల్లను కూడా ఒకసారి తలుచుకోండి. నూనె అంటినా కడిగి ఆరేసుకోగలిగే ఫోము ఇవ్వండి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మా క్లాసులో సగం మంది ఆడపిల్లలు.

పాడైపోయిన హెడ్‌సెట్ స్టాఫ్‌రూము బీరువాలో, దాని డబ్బాలోనే, చున్నీ ముక్కలతో సహా ఉంది. బాగుచేస్తామని మీలో ఎవరు జవాబిచ్చినా ఖర్చు పెట్టుకుని నేనే తెచ్చిస్తాను. జూన్ 12న బడి తెరుస్తారు. ఈసారి రెండు సెక్షన్లకూ కలిపి 80 మంది పదో తరగతికి వస్తున్నారు. గుండె పాఠానికి ముందే మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచరు,
తెనాలి, గుంటూరు జిల్లా